ట్రైలర్‌లో ఉన్నది గేమ్‌లో లేకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: నేను ఎంతో కాలంగా ఎదురుచూసిన ఒక సూపర్‌హీరో యాక్షన్ గేమ్‌ను, విడుదలకు ముందే ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో డబ్బు కట్టి ప్రీ-ఆర్డర్ చేశాను. నలుగురు హీరోల్లో ఎవరితోనైనా ఆడవచ్చని, ఒకే స్క్రీన్ మీద ఇద్దరు కలిసి ఆడే మోడ్ ఉంటుందని ట్రైలర్‌లోనూ, స్టోర్ పేజీలోనూ చెప్పారు. తీరా గేమ్ వచ్చాక చూస్తే ఇద్దరే హీరోలు ఉన్నారు. కలిసి ఆడే మోడ్ అసలు లేదు. ఒక బాస్ ఫైట్ (ప్రధాన శత్రువుతో పోరు) మొదలవగానే ప్రతిసారీ గేమ్ క్రాష్ అవుతోంది. కథ పేలవం, ఎక్కడ చూసినా అవే శత్రువులు, అవే మిషన్లు. రిఫండ్ అడిగితే ‘మీరు రెండు గంటల కంటే ఎక్కువ ఆడారు, కుదరదు’ అన్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. అయితే మీరు రాసినవాటిలో కొన్నిటికే చట్టం బదులిస్తుంది. కథ పేలవంగా ఉండడం, మిషన్లు ఒకేలా ఉండడం, ఇవన్నీ నిజమైన నిరాశలే. కానీ అవి అభిరుచికి సంబంధించినవి. ‘ఈ ఏటి మేటి గేమ్’ అని కంపెనీ చెప్పుకున్నా దాన్ని గొప్పలు చెప్పుకోవడంగానే చూస్తారు తప్ప, హామీగా చూడరు. మీ ఫిర్యాదులో ఈ సంగతులు రాయకండి. రాస్తే అవతలి లాయరు వాదనంతా వాటి చుట్టూనే తిప్పి, ‘ఈయనకు గేమ్ నచ్చలేదు, అంతే’ అని తేల్చేస్తాడు.

నలుగురు హీరోలు అన్నచోట ఇద్దరే ఉండడం, ఉంటుందన్న మోడ్ లేకపోవడం, ఒకే చోట గేమ్ క్రాష్ అవడం మాత్రం పూర్తిగా వేరు. లెక్కపెట్టి చూపించగలిగే తేడాలివి. మీ కేసు వీటి మీదే నిలబడాలి.

ముందుగా ఒక అభ్యంతరం వస్తుంది. ‘మేం మీకు ఏ వస్తువూ అమ్మలేదు, వాడుకోవడానికి లైసెన్స్ మాత్రమే ఇచ్చాం’ అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ఈ-కామర్స్ నిర్వచనంలోనే డిజిటల్ ఉత్పత్తులను చేర్చారు. డబ్బు తీసుకుని ఇచ్చింది వస్తువైనా సేవైనా మీరు వినియోగదారుడే. వస్తువు అంటే లోపమున్న వస్తువని, సేవ అంటే సేవాలోపమని వాదించవచ్చు. ఫిర్యాదులో రెండూ రాయండి, ఒకటి నిలవకపోతే ఇంకొకటి నిలుస్తుంది.

రిఫండ్ విషయంలో మీకు అన్నిటికంటే గట్టి ఆధారం 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి, దాని డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదని ఆ నియమాలు చెబుతున్నాయి. మన దేశంలో ఆఫీసు లేకపోయినా, ఇక్కడి వినియోగదారులకు క్రమపద్ధతిలో అమ్మే విదేశీ సంస్థలకు కూడా ఇవి వర్తిస్తాయి.

ఇక ఆ రెండు గంటల సంగతి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే ఏ కారణమైనా సరే డబ్బు తిరిగి ఇస్తామనే పద్ధతిని స్టీమ్ లాంటి స్టోర్లు పెట్టుకున్నాయి. అది కారణం అడగకుండా ఇచ్చే వెసులుబాటు. లోపమున్న సరుకు అంటగట్టినప్పుడు చట్టం ఇచ్చే హక్కు దానితో ముగిసిపోదు. పైగా గేమ్‌లో లోపం బయటపడాలంటే కొంతసేపు ఆడాలి కదా! మీ గేమ్ క్రాష్ అయ్యే బాస్ ఫైట్ దాకా రావడానికే రెండు గంటలు దాటి ఉంటే, ఆ విషయం ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఆస్ట్రేలియాలో ఇలాంటి వివాదమే నడిచింది. రిఫండ్లు లేవంటూ అక్కడి వినియోగదారులను తప్పుదోవ పట్టించిందని స్టీమ్ యజమాని వాల్వ్ కంపెనీకి వ్యతిరేకంగా 2016లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పిచ్చి, 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆ తీర్పు మన కమిషన్లను కట్టడి చేయదు గానీ, వాదనలో చూపించవచ్చు. సూపర్‌హీరో గేముల్లోనే ఒక ఉదాహరణ ఉంది. 2015 జూన్‌లో ‘బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ నైట్’ పీసీ వెర్షన్ సరిగా నడవక, విడుదలైన కొద్ది రోజులకే అమ్మకాలు ఆపేశారు. అక్టోబరులో మళ్లీ అమ్మకానికి పెట్టినా ఫిర్యాదులు ఆగలేదు. చివరికి ఎన్ని గంటలు ఆడారన్నదానితో పని లేకుండా, ఆ ఏడాది ఆఖరు దాకా అడిగినవారికి డబ్బు వెనక్కి ఇస్తామని ప్రకటించారు. గంటల లెక్క దాటి రిఫండ్ ఇవ్వడం సాధ్యమేనని కంపెనీలే చేసి చూపించాయి.

ట్రైలర్ కింద చిన్న అక్షరాల్లో ‘ఇది అసలు గేమ్‌ప్లే కాదు’ అని రెండు సెకన్లు మెరిసి మాయమయ్యే వాక్యం చూసే ఉంటారు. కంపెనీ దాన్ని అడ్డం పెట్టుకుంటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు దీని గురించి స్పష్టంగానే చెప్పాయి. ఇలాంటి గమనిక అసలు విషయానికి వివరణ ఇవ్వవచ్చు గానీ, తప్పుదోవ పట్టించే మాటను సరిదిద్దడానికి పనికిరాదు. అది అందరికీ కనిపించేలా కూడా ఉండాలి. తెర మీద బొమ్మల (గ్రాఫిక్స్) నాణ్యత కాస్త తగ్గిందంటే ఆ గమనిక వాళ్లను కాపాడవచ్చు. లేని హీరోలను ఉన్నారని చెప్పినందుకు కాపాడదు.

ఇలాంటి కేసులు ఎక్కువగా ఆధారాల దగ్గరే వీగిపోతాయి. స్టోర్ పేజీని రాత్రికి రాత్రే మార్చేయవచ్చు. అందుకే ఈ జవాబు చదవగానే ఆ పేజీ తెరిచి, వెబ్ చిరునామా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. పేజీ ఇప్పటికే మారిపోయి ఉంటే పాత ప్రకటనలు, ప్రీ-ఆర్డర్ ఈమెయిల్ వెతకండి. గేమ్ క్రాష్ అయ్యే చోటును ఫోన్‌తో వీడియో తీయండి. బాస్ ఫైట్ మొదలవడం, తెర గడ్డకట్టడం, ఎర్రర్ పెట్టె రావడం, మూలన గడియారం అన్నీ ఒకే షాట్‌లో పడాలి. మీ కంప్యూటర్ వివరాల పేజీని, గేమ్‌కు కావాల్సిన కనీస హార్డ్‌వేర్ అని వాళ్లు రాసినదాన్ని పక్కపక్కన పెట్టి ఇంకో స్క్రీన్‌షాట్ తీయండి. లేకపోతే తప్పు మీ మెషీన్‌దే అంటారు. తర్వాత వచ్చిన అప్‌డేట్ నోట్స్‌లో ‘బాస్ ఫైట్‌లో క్రాష్ సమస్య సరిచేశాం’ లాంటి వాక్యం దొరికితే, కంపెనీ తనంతట తానే లోపం ఒప్పుకున్నట్టు. ఈ ఎలక్ట్రానిక్ ఆధారాలకు, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, వాటిని ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయడం మంచిది.

ఒక్క విషయం సరిచూసుకోండి. కలిసి ఆడే మోడ్ తీసేశామని విడుదలకు ముందే కంపెనీ ప్రకటించి, ప్రీ-ఆర్డర్ రద్దు చేసుకునే అవకాశం ఇచ్చిందా? ఇచ్చి ఉంటే మీ వాదనలో ఆ భాగం బలహీనపడుతుంది.

పద్ధతి పెద్ద కష్టమైనది కాదు. ముందు స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఈమెయిల్ పంపండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేయండి. చాలా రిఫండ్లు ఈ దశలోనే వచ్చేస్తాయి. రాకపోతే లీగల్ నోటీసు ఇచ్చి, మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఎక్కడుందో అక్కడికి వెళ్లనక్కరలేదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు కూడా తప్పనిసరి కాదు. స్టోర్‌ను, పబ్లిషర్‌ను (గేమ్ విడుదల చేసిన కంపెనీని) ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. షరతుల్లో ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలని రాసి ఉన్నా భయపడకండి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని అది మూయలేదని సుప్రీంకోర్టు 2018లోనే స్పష్టం చేసింది.

కార్డు కంపెనీకి చెప్పి డబ్బు వెనక్కి లాగేద్దామని చాలామంది సలహా ఇస్తారు. తొందరపడకండి. అలా చేస్తే కొన్ని స్టోర్లు మీ అకౌంట్‌నే ఆపేస్తాయి, అందులో ఉన్న మిగతా గేములన్నీ చిక్కుకుపోతాయి.

గేమ్ ధర, దానిమీద వడ్డీ, మానసిక వేదనకు ఓ మోస్తరు పరిహారం, ఖర్చులు అడగండి. లక్షల్లో అడిగితే ఫిర్యాదు మీదే నమ్మకం పోతుంది. కానీ మొత్తం చిన్నదే కదా అని వదిలేయమని మాత్రం నేను చెప్పను. అభిమానంతో ముందే డబ్బు కట్టినవారి దగ్గరే ఈ వ్యాపారం ఇలా సాగుతోంది, ఎవరూ అడగకపోతే మరో గేమ్‌కూ ఇదే జరుగుతుంది. ఫిర్యాదుకు గడువు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. గేమ్ మీ చేతికొచ్చిన తేదీ నుంచే ఆ లెక్క వేసుకోండి. అప్‌డేట్‌లో అన్నీ సరిచేస్తామన్న హామీలు నమ్మి ఆ గడువు దాటనివ్వకండి.