వెంచర్‌లో డ్రైన్లు, దీపాలు గీసే ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సివిల్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో వెంచర్లకు లేఅవుట్లు గీసే చిన్న ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వాననీటి డ్రైన్లు, వీధి దీపాల ప్లానింగ్ పనట. జీతం 18 వేలు. అప్పుడప్పుడు రాత్రి సైట్‌కు వెళ్లాల్సి ఉంటుందన్నారు. చుట్టాలేమో "మురిక్కాలువల పనేంటి, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించు" అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చేరనివ్వండి. రెండు వానాకాలాలు గడిచేదాకా మాత్రం మారనివ్వకండి.

ముందు చుట్టాల మాట చూద్దాం. మురుగు లైను వేరు, వాననీటి డ్రైను వేరు. పదెకరాల వెంచర్ మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 20 లక్షల లీటర్ల నీళ్లు. అది పొలంగా ఉన్నప్పుడు అందులో చాలాభాగం నేలే తాగేది. సీసీ రోడ్లు వేసి, ఇళ్లు కట్టాక నూటికి 70 వంతులు పైనే పారతాయనుకోండి, 14 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు 140, ఒక్క గంటలో. అవి ఏ గేటులోంచి బయటికి పోవాలి, కింద ఉన్న చెరువుకు ఏ దారిన చేరాలి అన్నది మీ అమ్మాయి గీసే గీతే తేలుస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాక ప్లాటు కొనేవాళ్లు కూడా "చెరువు ఎఫ్‌టీఎల్‌కు (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దుకు) ఎంత దూరం?" అని అడుగుతున్నారు. ఈ పనికి గిరాకీ తగ్గుతుందని నేననుకోను.

మరి డ్రైన్లకూ దీపాలకూ సంబంధమేంటని మీకు అనిపించి ఉండొచ్చు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు సైట్లలో పనిచేశాను. ఒక వెంచర్‌లో డ్రైన్ల డ్రాయింగ్ ఒకరు గీశారు, కరెంటుది ఇంకొకరు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన నాథుడు లేడు, నాతో సహా. స్తంభానికి గుంత తవ్వితే డ్రైను గోడ తగిలింది. మేస్త్రీ ఏం చేస్తాడు? రెండడుగులు రోడ్డు వైపు జరిపి కాంక్రీటు పోసేశాడు. సరిగ్గా అక్కడే రోడ్డు మీది నీళ్లు డ్రైనులోకి దిగే కన్నం ఉంది, సగం మూసుకుపోయింది. మొదటి పెద్ద వానకే స్తంభం చుట్టూ మోకాలి లోతు నీళ్లు. కేబుళ్లు కలిపే పెట్టె ఉన్నది జానెడు ఎత్తులో. షాక్ కొడుతుందని భయపడి వాచ్‌మన్ మెయిన్ ఆపేశాడు. కుండపోత వానలో వీధి వీధంతా చీకటి. ఈ రెండు పనులూ ఒకే బల్ల మీద జరిగే ఆఫీసు మీ అమ్మాయికి దొరికిందంటే అది చిన్న విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవద్దని నేననడం లేదు. ఈ పనిలోనూ అది ఉంది. డ్రైన్ల లెక్కకు ఎస్‌డబ్ల్యూఎంఎం, దీపాలకు డయాలక్స్, మ్యాపులకు క్యూజీఐఎస్, మూడూ ఉచితమే. రోడ్లకు సివిల్ త్రీడీ వస్తే ఇంకా మంచిది. కాకపోతే నేల వాలు తెలియనివాళ్లకు ఏ సాఫ్ట్‌వేరూ సాయపడదు. ఆటో లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పెట్టి తన చేత్తో లెవెల్స్ తీయడం, తీసిన లెవెల్స్‌తో కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీయడం మొదటి ఆర్నెల్లలో రావాలి. దీపాలదీ అంతే. స్తంభాల మధ్య దూరం లెక్క గంటలో నేర్చుకోవచ్చు. ఈరోజు నాటిన వేప మొక్క ఎనిమిదేళ్లకు ఏ దీపాన్ని మింగేస్తుందో ఊహించడానికి కొంత కాలం పడుతుంది.

జీతం మెల్లగా పెరుగుతుంది, అది దాచను. ఎండ పడనివాళ్లకు ఈ పని వద్దు. తర్వాత కావాలంటే గేట్ రాసి వరంగల్ నిట్‌లో జలవనరుల ఎంటెక్‌కు వెళ్లొచ్చు, విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ప్లానింగ్ చదవొచ్చు. మునిసిపల్ ఇంజినీరు ఉద్యోగాల నోటిఫికేషన్లు ఎలాగూ చూస్తూ ఉండాలి.

చేరేముందు ఒక్కటి అడగమనండి: "మీరు డిజైన్ చేసిన వెంచర్‌ను వాన పడుతున్నప్పుడు వెళ్లి చూస్తారా?" నీళ్లు నమిలితే ఇంకో ఆఫీసు వెతుక్కోవడం మేలు.

రాత్రి సైట్ గురించి మీ టెన్షన్ న్యాయమైనదే. లక్స్ మీటరుతో వీధి వెలుతురు కొలవాలంటే చీకటి పడాల్సిందే, పగలు కుదరదు. కానీ అది రోజూ ఉండే పని కాదు, దీపాలు బిగించాక ఒకటి రెండు సార్లు. ఆఫీసు బండి ఇస్తారా, వెంట ఇంకొకరు వస్తారా, ఇంటిదాకా దింపుతారా? ఈ మూడూ ఆఫర్ లెటర్ తీసుకునే రోజే అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోమనండి.