నలుగురు దోస్తులం మొదటిసారి థాయ్‌లాండ్ పోతున్నం, పైసలు పాస్‌పోర్టు పోకుండ ఏం జాగ్రత్తలు తీసుకోవాలె?

పాస్‌పోర్టు ముచ్చట ఎనుక చెప్త గని తమ్మీ, ముందుగాల ఒక్కటి చెప్పు. మీ నలుగుర్ల బాయిల ఈత నేర్చినోడు ఎవడన్న ఉన్నడా? ఉంటె ముందు వాన్ని చూస్కోండ్రి. పాస్‌పోర్టు పోతె ఎంబసీ ఉన్నది, ఏదో కాయిదం రాసిచ్చి ఇంటికి తోలుతరు.

నవ్వకు. మాది హన్మకొండ. చుట్టూత చెరువులే గని సముద్రం చూడాల్నంటె రాత్రంత రైల్ల కూసోవాలె. వడ్డేపల్లి చెరువు, ధర్మసాగర్, పాకాల, లక్నవరం చూసుకుంట పెరిగినోళ్ళం, అందుకే నీళ్ళ గురించి మనకు అంత తెలుసు అనుకుంటం. మా బామ్మర్దిదైతే పరకాల దిక్కు పల్లె, ఏడేండ్లకే నడుముకు డబ్బా కట్టుకొని మోటబాయిల ఈత నేర్చిండు, గడ్డ మీదికెల్లి తలకిందులుగ దుంకుతె అడుగున బురద పట్టుకొని పైకొచ్చెటోడు, గా బురద ముచ్చట మా పెండ్లైన కాడికెల్లి ఇన్నేండ్లు వింటనే ఉన్న.

పిల్లలకు బడి తెరవకముందే పోయి రావాల్నని జూన్ మొదటి వారంల ఫుకెట్ పోయినం. మా ఏజెంటు ‘సార్, జూన్ల సగం రేటుకే వస్తది’ అన్నడు. ఎందుకు సగం రేటో ఆయన చెప్పలె, మేము అడగలె. ఆ పక్క, అంటే ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రం దిక్కు, మే నుంచి అక్టోబర్ దాక వానాకాలం, సముద్రం మస్తు కోపం మీదుంటది. అటు తూర్పు దిక్కు కో సముయ్‌కేమో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ల. ఒక్కటే దేశం, రెండు లెక్కలు. గీ ఒక్క ముక్క చెప్పనీకె ఏజెంటుకు నోరు రాదు గని, ఎయిర్‌పోర్టుల ఏసుకోమని కంపెనీ పేరున్న టోపీలు మాత్రం తలా ఒకటి ఇస్తరు.

రెండోరోజు పొద్దున కరోన్ బీచ్‌కు పోయినం. రాత్రంత వాన కొట్టి తెల్లారంగనె ఎండ పొడిచింది, మస్తు ముద్దుగున్నది. ఒడ్డు పొంటి ఎర్రజెండాలు పాతి ఉన్నయి. నేను చూసిన, మావోడు చూసిండు. ‘బావా, అది ఈత రానోళ్ళకు’ అన్నడు. నాకు గూడ అంతే అనిపిచ్చింది, అబద్ధం ఎందుకు. పైగ వాడు తెలివిగల్లోని తీర్గ అలలు కొడ్తున్న జాగ ఇడిసిపెట్టి, నడుమల ఒకకాడ అల లేకుంట చెరువు లెక్క ఉన్నది చూడు, ఆడ దిగిండు.

ఆగమైంది గాడనే. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్ళన్ని మల్ల లోపలికి పోవాలె గద, యాడ సందు దొరికితె ఆడికెల్లి వాగు లెక్క ఎనుకకు ఉరుకుతయి. ఆ సందుల అల విరగది, అందుకే నెమ్మదిగ కనవడ్తది. దీన్ని రిప్ కరెంట్ అంటరని నాకు రూంకొచ్చి ఫోన్ల చూసినంకనె తెలిసింది.

నేను ఫోన్ల వీడియో తీస్తున్న. వాడు ముందు నవ్వుకుంట చెయ్యి ఊపిండు. జరసేపటికి మల్ల ఊపిండు. మా చెల్లె, అంటే వాని భార్య, ఒడ్డు మీదికెల్లి తను గూడ ఊపింది. మూడోసారి ఊపినప్పుడు గని నాకు తట్టలె, వాని తలకాయ కొబ్బరికాయంత అయిపోయిందని. ఒడ్డు దిక్కు మోకం పెట్టి చేతులు కొడ్తనే ఉన్నడు, జాగ మాత్రం ఇడుస్తలేడు. నేను తెలుగుల ఒర్రుతున్న, మా ఆమె దేవుళ్ళను మొక్కుతున్నది, ఈత మాల ఒక్కరికి గూడ రాదు.

లైఫ్‌గార్డు పిలగాడు బోర్డు పట్టుకొని ఉరికొచ్చి సక్కగ గా సందుల్నే దుంకిండు. నాకేమో వీడు గూడ పాయె అనిపిచ్చింది. కాదు, ఆ నీళ్ళే తనను జల్ది లోపలికి తీసుకపోతయని వానికి ఎరుక. మావోన్ని బోర్డు మీద బోర్ల ఏస్కొని సక్కగ రాలె, ఒడ్డు పొంటి శానా దూరం పక్కకు పోయి, అలలు కొడ్తున్నకాడికెల్లి మర్లిండు. ఎర్రజెండా చూపెట్టి ఏదో అన్నడు, భాష రాకున్నా తిట్టు తెలుస్తది గద.

మావోడు ఉప్పునీళ్ళు కక్కుకొని పావుగంట ముచ్చట లేకుంట కూసున్నడు. తర్వాత మొదటి మాట, ‘బావా, ఆ వీడియో తీసెయ్, మా నాయినకు చూపియ్యకు.’

ఇప్పుడు ఇనుండ్రి. ఆ నీళ్ళు కిందికి గుంజవు, సముద్రం లోపలి దిక్కు తీసుకపోతయి. ఎదురు ఈత కొడితె చేతులు పడిపోతయి, మునిగేది అప్పుడు. ఎల్లకిల తేలుకుంట చెయ్యి ఎత్తి ఒర్రాలె, లేకుంటె ఒడ్డు పొంటి అడ్డంగ ఈదుకుంట ఆ సందు దాటినంక ఒడ్డుకు మర్లాలె. వాగులు దాటెటోళ్ళకు ఇది ఎరుకే, ఏటవాలుగ పోతరు గని ఎవడన్న ఎదురు పోతడా? బాయిలనేమో నీళ్ళు ఉన్నకాన్నే ఉంటయి. అందుకే ఈత రానోనికన్న బాయిల నేర్చినోడే సముద్రంల ఎక్కువ సచ్చుడు అని నా లెక్క, ఎవడు ఏమన్న అనుకోని. ఈత రానోడు మోకాళ్ళ దాక పోయి ఫోటో దిగి వస్తడు.

మన దగ్గర మాత్రం చెప్తె ఇంటున్నరా? 2023 జులైల ములుగు జిల్లాల ముత్యాలధార జలపాతం చూడవోయినోళ్ళు వాగు పొంగి అడవిల ఇరుక్కుంటె ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు పోయి తీసుకొచ్చిండ్రు. ఆడ గూడ వాన పడ్తదని ఎవరికి తెల్వదా?

సరె, నువ్వు అడిగినవాటికి వస్త. పాస్‌పోర్టు రూం లాకర్ల పెట్టి ఫోటో ఫోన్ల ఉంచుకో. స్కూటీ కిరాయికిచ్చెటోడు పాస్‌పోర్టు కుదవ పెట్టమంటడు, అస్సల్ ఇయ్యకు, ఇంకో దుకాణం చూడు. ఆర్టీఏల ఇంటర్నేషనల్ పర్మిట్ తీస్కోకుండ బండి నడిపి పడ్డవనుకో, ఇన్సూరెన్సోడు రూపాయి ఇయ్యడు. జెట్ స్కీ, అంటే నీళ్ళ మీద నడిచే మోటరు బండి, ఎక్కితె ముందే నాలుగు దిక్కులు వీడియో తియ్యి, దిగినంక పాత గీతలు చూపెట్టి నువ్వే చేసినవని పైసలు గుంజుతరు. బ్యాంకాక్‌ల ఆటోవోడు ‘ఇయ్యాల రాజుగారి కోట బంద్’ అంటె నమ్మకు, నగల దుకాణానికి తోల్కపోయే కథ అది. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, అంబులెన్స్ 1669, రెండు రాసి పెట్టుకో. దోస్తులల్ల వేప్, అంటే ఈ-సిగరెట్, తాగెటోడు ఉంటె ఇంట్ల పెట్టి రమ్మను, ఆడ బంద్. వాళ్ళ రాజు మీద జోకులొద్దు, జైలే. పగటిపూట కుట్టే దోమల తోటి డెంగీ అస్తది, జ్వరమొస్తె పారాసెటమాలే ఎయ్యి, బ్రూఫెన్ గిట్ల మింగకు. పోకముందు 3 రోజుల లోపల ఆన్‌లైన్ల అరైవల్ కార్డు నింపాలె, అది ఫ్రీ, పైసలు అడిగిన సైటు దొంగ సైటు.

ఇగ తొక్కు డబ్బా చెకిన్ బ్యాగుల్నే పెట్టు. మాది ఉసిరికాయ తొక్కు చేతి బ్యాగుల ఉంటె శంషాబాద్‌ల నూనె ఉన్నదని తీసి పక్కన పెట్టిండ్రు, కిలో డబ్బా, మా అత్త చేసింది, ఇప్పటికి ఆమెకు తిన్నమనే చెప్తున్నం.