సమాధానం: కుజ్నెత్సోవ్, కుజ్నెత్సోవా ఒకే కుటుంబమా?

మీ ముత్తాత పత్రంలో కుజ్నెత్సోవ్ అనీ, ఆయన చెల్లెలి పత్రంలో కుజ్నెత్సోవా అనీ ఉందన్నారు. అందులో పొరపాటేమీ లేదండీ. స్త్రీలకు ఈ రష్యన్ ఇంటిపేరు చివర 'ఆ' చేరుతుంది. 1918కి ముందు కాగితాల్లో పురుషుల పేరు చివర 'గట్టి గుర్తు' (ъ) అనే పలకని అక్షరం ఒకటి కనిపిస్తుంది. దాన్ని వేరే పేరనుకోకండి. ఫ్రాన్స్‌కు వలస వెళ్లినవాళ్ల పత్రాల్లో 'కుజ్నెట్సాఫ్' అని కూడా ఉంటుంది, అదీ ఇదే.

'కుజ్నెత్స్' అంటే కమ్మరి, 'ఓవ్' అంటే అతని తాలూకు వాళ్లు. ఊరికో కమ్మరి ఉండేవాడు కాబట్టి ఈ పేరు వందల చోట్ల విడివిడిగా పుట్టింది. రష్యాలో నేటికీ స్మిర్నోవ్, ఇవానోవ్‌ల తర్వాత సాధారణంగా మూడో స్థానం దీనిదే. అందుకే పేరు కలిసినంత మాత్రాన బంధువులనుకోవద్దు. కమ్మరి అనే అర్థమే ఉన్నా కొవల్యోవ్ వేరే పేరు. దక్షిణ, పశ్చిమ ప్రాంతాల్లో, ఉక్రెయిన్, బెలారుస్ వైపు వాడే 'కొవాల్' నుంచి వచ్చింది.

పేరు పట్టుకుని వెతికితే వేల ఎంట్రీల్లో మునిగిపోతారు. ముందు గుబేర్నియా (అప్పటి రాష్ట్రం లాంటిది), ఉయెజ్ద్ (అందులోని జిల్లా), ఊరు, చర్చి తేల్చుకోండి. తర్వాత ఆ చర్చి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు చూడండి. 1858 వరకు జరిగిన పన్ను లెక్కల జాబితాల్లో రైతులకు చాలాసార్లు ఇంటిపేరే ఉండదు. అక్కడ తండ్రి పేరు, వయసు కలిపి పోల్చుకోవాలి. 1861లో భూదాస్యం రద్దయ్యాకే చాలామంది రైతులకు ఇంటిపేరు కాగితాల మీద స్థిరపడింది.