నీలి డిసెంబరాల కోసం హార్టికల్చర్ చదువుతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి రెండో ఏడాది పీయూసీ (మన ఇంటర్), బయాలజీ గ్రూపు. మార్కులు బాగానే వస్తాయి. మేడ మీద కుండీల్లో డిసెంబరం మొక్కలు పెంచుతూ, ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అద్ది, చిక్కటి నీలం పూలతో పొట్టిగా గుబురుగా పెరిగే కొత్త రకం తీస్తానంటోంది. అందుకోసం బీఎస్సీ హార్టికల్చరే, అంటే ఉద్యాన శాస్త్రమే చదువుతుందట. నేను బీటెక్ బయోటెక్నాలజీ చదవమంటున్నాను. రాబోయే కాలమంతా జన్యు సవరణదే కదా, పూల ముచ్చట కూడా అందులోనే తీరుతుంది. మొక్కలకు నీళ్లు పోసే చదువుకు నాలుగేళ్లు ఎందుకు? తన నోటు పుస్తకంలోని రెండు పేజీలు కూడా పంపుతున్నాను. దయచేసి రెండు కోర్సులనూ పోల్చి చెప్పండి.
ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: ముందుగా మీరు పంపిన ఆ రెండు పేజీల గురించి మాట్లాడతాను. పరీక్షల ముందు అమ్మాయి కాలం ఎలా వృథా చేస్తోందో చూపించాలని మీరు వాటిని పంపారు. నేను మూడుసార్లు చదివాను. ఒక చోట ఇలా రాసుకుంది: "డిసెంబరు 12, ఉదయం 6.40. ఎర్ర ఊలు దారం. తల్లి నీలం, తండ్రి తెలుపు. మొగ్గ విప్పకముందే కేసరాలు తీశాను. తుంపర పడుతోంది. నిలుస్తుందో లేదో." దాని కిందే వేరే సిరాతో ఒక్క మాట: "నిలవలేదు." పక్క పేజీలో ఎనిమిది దారాల లెక్క ఉంది, అంటే పుప్పొడి అద్ది గుర్తుగా దారం కట్టిన ఎనిమిది పూల లెక్క. మూడు కాయలు నిలిచాయి. ఎండిన కాయ పగిలి గింజలు చిందిపోతాయని వాటికి పాత దోమతెర గుడ్డతో చిన్న సంచులు కట్టింది. వచ్చిన పదకొండు మొలకల్లో ఒక్కటి కూడా తల్లిని మించిన నీలం కాలేదని, దాపరికం లేకుండా రాసింది.

పదిహేడేళ్ల పిల్ల, మార్కులు ఎవరూ వేయని పనిలో, తన ఓటమిని తేదీ వేసి రాసుకుంటోంది. నా దగ్గరికి ఎమ్మెస్సీ పూర్తయినవాళ్లు వస్తారు. పని ఫలించని రోజును పుస్తకంలో రాసుకునే అలవాటు వారిలో చాలామందికి ఉండదు. కొత్త వంగడం తీసేవాళ్ల వృత్తికి మొదటి అర్హత అదే, దాన్ని ఏ కళాశాలా నేర్పలేదు. మీ ఇంట్లో అది ఫీజు కట్టకుండానే వచ్చి కూర్చుంది.

"మొక్కలకు నీళ్లు పోసే చదువు" అన్నారు. ఆ మాట అమ్మాయి ముందు కూడా అని ఉంటే, ఈ రాత్రే వెనక్కి తీసుకోండి. మీది అనంతపురం జిల్లా అన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీ ఊళ్లో వేరుశనగ వేసినవాళ్లు ఏ రకం వేసేవారో గుర్తుందా? టీఎంవీ-2 అనో, కదిరి ఫలానా నంబరు అనో విని ఉంటారు. టీఎంవీ అంటే తమిళనాడులోని తిండివనం. కదిరి మీ పక్కనే. ఆ రెండు చోట్లా ఎవరో ఎండలో కూర్చుని, ఏళ్ల తరబడి మొక్కలు ఏరి, పనికిరానివి పీకేసి, మిగిలినదానికి ఒక నంబరు పెట్టారు. మీ జిల్లాలో ఎందరి పిల్లలో ఆ పంట డబ్బుతో ఇంజనీర్లయ్యారు. మీ అమ్మాయి అడుగుతున్నది ఆ కుర్చీలో కూర్చునే చదువు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరి పిల్లవాడికి తేనెటీగలు, ఒకరి అమ్మాయికి చేపలు. కోర్సులు పోల్చమని అడుగుతారు, కానీ అసలు దిగులు వేరే ఉంటుంది. మట్టిని నమ్ముకుని నలిగిన ఇంట్లోంచి ఎలాగో పట్నం చేరాం, పిల్ల మళ్లీ మట్టి వైపే నడుస్తోందే అన్న దిగులు. అది సిగ్గుపడాల్సిన దిగులు కాదు. కానీ దానికి బయోటెక్నాలజీ అని పేరు పెట్టి అమ్మాయి మీద మోపడం న్యాయం కాదు. అప్పు చేసి విత్తి వాన కోసం ఆకాశం వైపు చూసే బతుకు వేరు, వంగడాలు తీసే శాస్త్రవేత్త బతుకు వేరు. రెంటిలోనూ మట్టి ఉంటుంది, అంతే. రెండోదానిలో నెల జీతం ఉంటుంది.

ఇక మీరు మెచ్చిన దారి గురించి. నాకు బయోటెక్నాలజీ శాస్త్రం మీద అనుమానం లేదు. ఆ పేరుతో నాలుగేళ్ల పట్టా చేతికి వస్తే పూల రంగులు మార్చవచ్చనే నమ్మకం మీదే నా అనుమానమంతా. పదిహేనేళ్ల కిందట కడప నుంచి వచ్చిన ఒక అబ్బాయికి నేనే గట్టిగా చెప్పి బీటెక్ బయోటెక్నాలజీలో చేర్పించాను. మొక్కలంటే ప్రాణం ఆ పిల్లవాడికి. నాలుగేళ్లలో ఒక్క మొక్కను విత్తనం నుంచి పూత దాకా పెంచలేదు. పట్టా పుచ్చుకున్నాక పరిశోధన ఉద్యోగాలన్నీ పై చదువు అడిగాయి. ఇంటి పరిస్థితి ఆగనివ్వలేదు, కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరాడు. బాగానే సంపాదిస్తున్నాడు. కానీ ఆ సలహా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీలం రంగు సంగతే తీసుకోండి. గులాబీలో నీలం లేకపోవడానికి కారణం, డెల్ఫినిడిన్ అనే వర్ణకాన్ని తయారుచేసే ఎంజైము దానికి లేకపోవడం. జపాన్‌లోని సంటోరీ సంస్థ, ఆస్ట్రేలియాలోని ఫ్లోరిజీన్‌తో కలిసి 1990లో ఈ పని మొదలుపెట్టింది. పాన్సీ పువ్వు నుంచి జన్యువు తెచ్చి గులాబీలో పెట్టింది. 2004లో గానీ ప్రకటించలేకపోయింది, 2009లో గానీ జపాన్ దుకాణాలకు చేరలేదు. చేరాక కూడా ఆ పువ్వు లేత ఊదాగానే కనిపిస్తుంది. రేకుల్లోని కణరసం ఆమ్లగుణంతో ఉంటే వర్ణకం ఉన్నా నీలం పలకదు. అందుకే జన్యువు చేతిలో ఉన్నా, ఆమ్లత తక్కువగా ఉండే గులాబీ రకాలను ఏరి, వాటిలోనే ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ ఏరే పని తోట ఎరిగినవాళ్లది. తర్వాత 2017లో జపాన్ పరిశోధకులే చామంతికి నిజమైన నీలం తెచ్చారు. వాడిన రెండు జన్యువుల్లో ఒకటి కాంపాన్యులా పువ్వుది, రెండోది మన పెరటి కంచె మీద పాకే శంఖుపుష్పానిది. ఈ సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి, సంతోషిస్తుంది.

మన దేశం సంగతి కూడా చూడాలి. జన్యుమార్పిడి పంటల్లో ఇక్కడ వాణిజ్య సాగులో ఉన్నది 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. పువ్వయినా సరే, బయటి జన్యువు ఎక్కిస్తే అదే అనుమతుల వరుస దాటాలి. బయటి జన్యువు మిగలని సవరణలకు 2022లో నిబంధనలు సడలించారు. 2025లో రెండు వరి రకాలు ప్రకటించారు కూడా. వాటిలో హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ తీసిన 'కమల' మన సాంబమసూరిని సవరించి చేసినది. సాంబమసూరి ఎలా వచ్చింది? బాపట్లలో పాత పద్ధతిలో పుప్పొడి అద్ది, తరాల తరబడి ఏరి తీసిన రకం అది. సవరించడానికైనా ముందు సవరించదగ్గ మొక్క కావాలి. ఆ మొక్కను చూడగానే గుర్తుపట్టే కన్ను ప్రయోగశాల బల్ల దగ్గర రాదు, మడిలో వంగి నడిస్తేనే వస్తుంది.

అలాగని హార్టికల్చర్ పూలబాట అని చెప్పను. పూల మొక్కల్లో కొత్త రకాలు తీసే ఉద్యోగాలు మన దేశంలో బాగా తక్కువ. బెంగళూరు చుట్టూ ఉన్న విత్తన కంపెనీల్లో ఎక్కువ పని టమాటా, మిరప, దోస వంటి కూరగాయల మీదే. మీ అమ్మాయి వాటిలో చేరితే పగలు మిరప, ఆదివారం డిసెంబరం అన్నట్టు ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, చేతి పని రెంటికీ ఒకటే. బీఎస్సీతో ఆగకూడదు. ఎమ్మెస్సీలో ఫ్లోరికల్చర్ (పూల సాగు) కన్నా జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్ (కొత్త వంగడాలు తీసే శాస్త్రం) తీసుకుంటే ఉద్యోగాల పరిధి పెరుగుతుంది. జన్యు సవరణ మీద మనసుంటే పీహెచ్‌డీలో నేర్చుకోవచ్చు, అప్పటికి దేనికోసం నేర్చుకోవాలో తెలిసి ఉంటుంది. మొదటి ఐదారేళ్ల జీతాన్ని మీ జీతంతో పోల్చకండి, నొప్పి తప్ప ఏమీ మిగలదు.

పోల్చమన్నారు కాబట్టి ఇంత చెబితే చాలు. బీటెక్‌లో కణం, ప్రయోగశాల, యంత్రాలు ఎక్కువ, పొలం దాదాపు లేదు. హార్టికల్చర్‌లో నేల, తెగుళ్లు, అంట్లు, నర్సరీ, చివరి ఏడాది పల్లెల్లో రైతుల మధ్య పని ఉంటాయి, జన్యుశాస్త్రమూ ఉంటుంది. ప్రవేశాల సంగతి, సీట్ల లెక్క మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటాయి. ఇక్కడ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి జీకేవీకే ప్రాంగణంలోనే హార్టికల్చర్ కళాశాల ఉంది. మన వైపు ఆంధ్రప్రదేశ్‌లోని వెంకటరామన్నగూడెంలోనూ, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోనూ ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి.

బెంగళూరులో ఉండడం మాత్రం మీ అమ్మాయి అదృష్టం. 1965లో ఇదే ఊళ్లో మన్మోహన్ అత్తావర్ అనే శాస్త్రవేత్త పెటూనియా పూల సంకర విత్తనాలతో ఒక కంపెనీ మొదలుపెట్టి విదేశాలకు పంపారు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ కనకాంబరంలో అర్క అంబర, లిల్లీలో అర్క ప్రజ్వల్ వంటి రకాలు తీసింది. కనకాంబరం, డిసెంబరం, పన్నెండేళ్లకోసారి కొండలను నీలం చేసే నీలకురింజి, మూడూ ఒకే కుటుంబం మొక్కలు. కనకాంబరం మీద అంత పని జరిగిన ఊళ్లో, దాని చెల్లెలు డిసెంబరం మీద పని చేస్తానంటే అది పిచ్చి ఆలోచన కాదు.

ఎన్నేళ్లు పడుతుందని అడుగుతారు. చాలా ఏళ్లే. ఇంగ్లండ్‌లో సోమర్సెట్‌లోని తమ తోటలో డొనాల్డ్, రోజాన్ వాటరర్ అనే దంపతులకు 1989లో ఒక నీలి జెరేనియం మొక్క కనిపించింది. దాని తల్లిదండ్రులు రెండూ హిమాలయాల జాతులే. వాళ్లు పరిశోధకులు కారు, మొక్కలు పెంచే సరదా ఉన్నవాళ్లు. ఆ మొక్క వేరని గుర్తుపట్టారు. దాన్ని పెంచి, పరీక్షించి, 2000లో 'రోజాన్' పేరుతో మార్కెట్‌లోకి తెచ్చేసరికి పదకొండేళ్లు. 2008లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంపికైంది. మన దగ్గరా 2001 నాటి చట్టం కింద కొత్త రకాన్ని నమోదు చేసుకుంటే, చెట్లు, తీగలు కాని పంటలకు పదిహేనేళ్ల హక్కు ఉంటుంది. అయితే ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోని మొక్కలకే ఆ అవకాశం. ఆ హక్కు మీద కోట్లు వస్తాయని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి.

చివరి మాటలు అమ్మాయికి. అమ్మా, నీ పదకొండు మొలకల్లో నీలం దొరకలేదని దిగులుపడకు. నీలానికి తెలుపు కలిపితే మొదటి తరంలో కొన్ని గుణాలు దాగిపోతాయి. వాటిలో పొట్టిగా ఉన్న రెంటిని ఎంచి, వాటి పుప్పొడి వాటికే అద్ది రెండో తరం గింజలు వెయ్యి. ఈసారి పదకొండు చాలవు, వంద కావాలి. చోటు లేదంటావు, పాల ప్యాకెట్లలో నారు పెంచు. వందలో ఒక్కటి దొరికినా చాలు. డిసెంబరం కొమ్మ కత్తిరించి నాటితే వేరు పోసుకుంటుంది కాబట్టి ఆ ఒక్కదాన్నే ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు. ఫోనులో తీసిన ఫోటోని చూసి నీలం ఎంత చిక్కనో తేల్చకు, కెమెరా ఊదాను నీలంగానూ నీలాన్ని ఊదాగానూ చూపుతుంది. ఉదయం నీడ పట్టున, కుట్టుదారాల దుకాణంలో దొరికే నీలి దారపు ఉండలను రేకు పక్కన పెట్టి చూడు, ఆ దారం నంబరే పుస్తకంలో రాసుకో. తల్లిని ఎప్పుడూ ముందు, తండ్రిని తర్వాత రాస్తున్నావు, బాగుంది, అలాగే రాయి. పీయూసీ పరీక్షలు ముగిసేదాకా కొత్త క్రాసింగ్ ఆపు, నీళ్లు మాత్రం పొయ్యి.

నీళ్లు పోసే పని ఆ రెండు నెలలు మీరు తీసుకుంటే ఇంకా మంచిది, నాన్నగారూ. పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఇద్దరూ లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీలకు వెళ్లండి. తెలుపు, గులాబీ, చారల డిసెంబరాలు ఏమేం ఉన్నాయో ఆమె చూస్తుంది, మీరు కుండీలు మోయండి. దారాలు కట్టిన కుండీలను మాత్రం కదపకండి, వాటి లెక్క ఇంకా తేలలేదు.