పాఠకుల ప్రశ్నలు: పన్నెండు కార్లు, ఒక భోజనం

ప్రశ్న: మా కార్ల బృందం పన్నెండు కార్లలో ఆదివారం ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లి, దారిలో భోజనం చేసి తిరిగి రావాలనుకుంటోంది. మొత్తం 250 కిలోమీటర్లు. రూటు ముందు ఖాయం చేయాలా, భోజనం చోటు ముందు చూడాలా?

జవాబు: భోజనం చోటే ముందు. రోడ్డు ఎంత బాగున్నా, ఆకలి మీద వచ్చినవాళ్లకు కారు పెట్టుకోను జాగా లేకపోతే ఆ రోజు అక్కడే చెడుతుంది. వారం ముందు ఆదివారమే, అదే వేళకు ఒక కారులో వెళ్లి చూసి రండి. మామూలు రోజున ఖాళీగా కనిపించిన చోటు ఆదివారం కిటకిటలాడవచ్చు. గేటు దగ్గర వాలు ఎంత, స్పీడ్ బ్రేకర్లు ఎంత ఎత్తు, నేల కంకరా సిమెంటా అన్నవి గమనించండి. నేలకు దగ్గరగా ఉండేలా ఎత్తు తగ్గించిన కార్లకు ముందు బంపరు తగిలేది ఇక్కడే. ఒకరి కారు అడ్డం లేకుండా ఇంకొకరు బయటికి రాగలరో లేదో కూడా చూడండి. ఎంతమంది వస్తారో ముందురోజు సాయంత్రం ఖాయంగా చెప్పి, ఏమేం కావాలో కూడా అప్పుడే చెప్పేయండి. అంతమంది ఒక్కసారిగా కూర్చుని విడివిడిగా ఆర్డరిస్తే వంటగది తట్టుకోలేదు, గంటలో అయ్యే భోజనం రెండు గంటలు పడుతుంది. డబ్బు ఒకరే ముందుగా వసూలు చేసి ఒకే బిల్లు కట్టాలి.

ఘాట్ భోజనానికి ముందే అయిపోవాలి. తిన్న తర్వాత కళ్లు బరువెక్కుతాయి, ఆ స్థితిలో వరస మలుపులు ప్రమాదం. తిరుగు దారికి వెడల్పాటి, తేలికైన రోడ్డు ఉంచుకోండి.

ఇక టైము వెనక నుంచి లెక్కపెట్టండి. ఒంటిగంటకు తినాలి, అక్కడికి 140 కిలోమీటర్లు, మ్యాప్ మూడు గంటలు చూపిస్తోందనుకుందాం. గుంపుకు ఇంకో ఇరవై శాతం కలపండి, మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు. మధ్యలో ఒక ఆగుడు: పది నిమిషాలని చెప్పినా పన్నెండు కార్లకు ఇరవై ఐదు అవుతుంది. అంటే తొమ్మిదికల్లా కార్లు కదలాలి, ఎనిమిదిన్నరకు అందరూ చేరాలి. ఆ అరగంట ఊరికే పోదు. టైర్లలో గాలి, స్టెప్నీలో గాలి, జాకీ చూసుకోవడానికి, రూటు చెప్పడానికి సరిపోతుంది. గాలి మాత్రం ఇంటి దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించుకుని రావడమే మంచిది. నడిచి వేడెక్కిన టైరులో కొలత ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

ప్రశ్న: ప్రతిసారీ చివరి కార్లు వెనకబడి, అందుకోవడానికి వేగంగా తోలాల్సి వస్తోంది. కూడళ్లలో దారి కూడా తప్పుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు కారు మలుపు దాటి వేగం అందుకునేటప్పటికి చివరి కారు ఇంకా ఆ మలుపు దగ్గర నెమ్మదిస్తూ ఉంటుంది. ఆ ఎడం ప్రతి కారుకూ కొంచెం కొంచెం పెరిగి, చివరివాడి మీద మొత్తంగా పడుతుంది. కాబట్టి తప్పు చివరి డ్రైవరుది కాదు, ముందు నడిపేవాడిది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్ల ఎడం అంటే సుమారు 67 మీటర్లు. ఆ లెక్కన పన్నెండు కార్లు ముప్పావు కిలోమీటరు పైనే పరుచుకుంటాయి. అంత పొడుగు వరస ఏ సిగ్నల్ దగ్గరా తెగకుండా ఉండదు. ఆరేసి కార్ల రెండు గుంపులు చేసి, పది నిమిషాల తేడాతో పంపండి.

ప్రతి గుంపుకూ ముందు దారి తెలిసిన నిదానస్తుడు, చివర పనిముట్లున్న అనుభవజ్ఞుడు ఉండాలి. అన్నిటికన్నా నెమ్మది కారును రెండో స్థానంలో పెట్టండి, వేగం దానికి తగ్గట్టు దానంతటదే కుదురుతుంది. దారి మారే చోట ప్రతి డ్రైవరూ తన వెనక కారు కనిపించేదాకా, సురక్షితమైన చోట పక్కకు తీసి ఆగాలి. ఎవరి బాధ్యత వాళ్ల వెనక కారు. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎవరూ తప్పిపోరు.

సిగ్నల్‌లో తెగిపోతే తెగిపోనివ్వండి. గుంపును పట్టుకోవడానికి ఎర్రలైటు దాటడం, ఎదురు కనిపించని చోట ఓవర్‌టేక్ చేయడం ఎవరూ చేయకూడదు. కలుసుకునే చోట్లు కాగితం మీద రాసి అందరికీ ఇస్తే ఆ తొందర ఉండదు. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి ఫోన్‌నే నమ్ముకోకండి. నడుస్తున్న కార్లలో నాలుగు ఇండికేటర్లూ వెలిగించే అలవాటు మానండి. చాలా కార్లలో అప్పుడు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు.

ప్రశ్న: మా గుంపులో ముప్పై ఏళ్ల నాటి కారు ఒకటుంది. ఘాట్ ఎక్కగలదా?

జవాబు: ఎక్కగలదు, ముందు పరీక్షిస్తే. ఎక్కుడులో ఇంజిన్‌కు భారం ఎక్కువ, వేగం తక్కువ కాబట్టి రేడియేటరుకు గాలి తక్కువ. ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపి, రేడియేటరుకు ఉన్నది కరెంటు ఫ్యాన్ అయితే తిరుగుతోందో లేదో చూడండి. గొట్టాలు, బెల్టు, కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. దారిలో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పండి. క్యాబిన్ ఉడికిపోతుంది, కానీ ఇంజిన్ వేడి కొంత బయటికి వస్తుంది. అయినా తగ్గకపోతే పక్కకు తీసి ఆపేయండి. రేడియేటరు మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు. ఒత్తిడి వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీళ్లు మూత తీయగానే ఆవిరై మీదికి ఎగదన్నుతాయి.

దిగుడు ఇంకా కీలకం. ఎక్కిన గేరులోనే దిగాలి, అప్పుడు ఇంజినే కారును పట్టి ఉంచుతుంది, బ్రేకులు అంతగా వేడెక్కవు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే బుడగలు కట్టి పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బ్రేకు పట్టదు. ఆయిల్ మార్చిన తర్వాత రెండేళ్లు దాటి ఉంటే బయలుదేరకముందే మార్పించండి.

ప్రశ్న: పెట్రోలు, ఛార్జింగ్ సంగతి?

జవాబు: అందరూ ట్యాంకు నింపుకునే రావాలి. దారిలో ఒకే బంకు దగ్గర పన్నెండు కార్లు వరస కడితే వేసుకున్న టైమంతా తప్పుతుంది. కరెంటు కారుకు ఎక్కుడులో ఛార్జ్ వేగంగా తగ్గి, దిగుడులో కొంత తిరిగి వస్తుంది. కాబట్టి కొండ మీది అంకె చూసి కంగారు పడనక్కరలేదు. భోజనం చోట ఛార్జర్ ఉందో లేదో వారం ముందు చూసి వచ్చేటప్పుడే ఒకసారి తగిలించి చూడండి. బోర్డు ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని అనుకోవద్దు.