రెండోదే ఎందుకు నచ్చిందో రాయాలంటే: యువ రచయితకు లేఖ

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, చదివాను. ‘ద డావిన్సీ కోడ్’ కన్నా ‘ఏంజెల్స్ అండ్ డెమన్స్’ బాగుందన్న నీ అభిప్రాయంతో నాకు పేచీ లేదు. నాకూ రెండోదే నచ్చింది. అయితే నీ వ్యాసంలో తీర్పు ఉంది గాని విచారణ లేదు. ‘స్క్రీన్‌ప్లే రేసీగా ఉంది’, ‘ఎక్కడా ల్యాగ్ లేదు’, ‘మొదటి పార్ట్‌లో సెకండాఫ్ సాగదీశారు’ అని రాశావు. సినిమా పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టినా ఈ మాటలు అలాగే అతుకుతాయి. అలా అతికే వాక్యం సమీక్షలో ఉండకూడదు.

ముందు ‘ల్యాగ్’ సంగతి చూద్దాం. మొదటి సినిమా నిడివి 149 నిమిషాలు, రెండోది 138. మధ్యలో తేడా పదకొండు నిమిషాలే. 2006లో వచ్చినదానికీ 2009లో వచ్చినదానికీ దర్శకుడు రాన్ హోవర్డే, హీరో టామ్ హాంక్సే, సంగీతం హాన్స్ జిమ్మరే. స్క్రీన్‌ప్లేలో అకీవా గోల్డ్స్‌మన్ రెండిటికీ ఉన్నాడు, రెండోదానికి డేవిడ్ కెప్ తోడయ్యాడు. ఇంతమంది ఉమ్మడిగా ఉన్నప్పుడు ‘దర్శకుడు ఈసారి పట్టు సాధించాడు’ అంటే ఏమీ తేలదు. కథను ఎక్కడ నిలబెట్టారో, ఎక్కడ పరిగెత్తించారో వెతకాలి.

రెండో సినిమా చేసిన పని ఇది. పోపు చనిపోయాడు. తర్వాతి పోపు కాగలరనుకున్న నలుగురు కార్డినళ్లను, అంటే పోపును ఎన్నుకునే పెద్ద మతాధికారులను, ఎత్తుకుపోయారు. రాత్రి ఎనిమిదికి ఒకరు, తొమ్మిదికి ఒకరు, పదికి, పదకొండుకు ఒక్కొక్కరు చస్తారు. అర్ధరాత్రికి వాటికన్ మొత్తం పేలిపోతుంది. సినిమా మొదట్లోనే ఈ లెక్క మన చేతికి ఇచ్చేశారు. అక్కణ్నుంచి ప్రేక్షకుడు కథతోపాటు టైమ్ కూడా చూసుకుంటుంటాడు. మట్టి, గాలి, నిప్పు, నీరు అని నాలుగు గుర్తులు. వాటికి రోమ్‌లో నాలుగు చోట్లు: సాంటా మరియా డెల్ పోపోలో చర్చిలోని కిజీ చాపెల్, సెయింట్ పీటర్స్ స్క్వేర్, సాంటా మరియా డెల్లా విట్టోరియా, పియాజా నవోనాలోని నాలుగు నదుల ఫౌంటెన్. నాలుగు చోట్లా శిల్పి బెర్నీని పనితనం ఉంది. హాంక్స్ వేసిన పండితుడి పాత్ర లాంగ్డన్ ఆ శిల్పాల గురించి చెప్పే మాటల్లో చాలా భాగం కారులోనో పరుగులోనో చెబుతాడు. పాఠం తప్పైతే ఒక మనిషి చస్తాడు. మొదట పాంథియన్‌కి వెళ్లి పొరపాటు పడతారు, ఆ పొరపాటు ఖరీదు మొదటి కార్డినల్ ప్రాణం. రెండోవాడూ, మూడోవాడూ పోతారు. హీరో ఓడిపోగలడని ఇన్నిసార్లు చూపించారు కాబట్టే ఫౌంటెన్ నీళ్లలో జరిగేది మనకు నిజంగా ముఖ్యమవుతుంది.

వాటికన్ ఆర్కైవ్స్ సీన్ నీ వ్యాసంలో ఒక్క ముక్కలో పోయింది. దాన్ని పెంచు. పాత కాగితాల కోసం గాలిలో ఆక్సిజన్ తగ్గించిన గాజు గది అది. కరెంటు పోతుంది, తలుపు తెరుచుకోదు, ఊపిరి అందదు. పుస్తకాల గది ప్రాణాంతకమైన చోటైంది. పాత కాగితాల్లో వెతకడం అనే పండితుడి పనికి శారీరక ప్రమాదం జోడించారు. ఈ ఒక్క సీన్ చాలు, రెండో సినిమా పద్ధతి ఏమిటో చెప్పడానికి.

ఇప్పుడు మొదటి సినిమాలో అదే పనికి ఏం జరిగిందో చూడు. లూవ్ర్ మ్యూజియంలో శవం, నేలమీద అంకెలు, తర్వాత క్రిప్టెక్స్ అనే రహస్యం దాచే గొట్టం. అది మంచి వస్తువు. అయిదు అక్షరాల మాట సరిగా కుదరాలి, బలవంతంగా తెరిస్తే లోపలి వెనిగర్ సీసా పగిలి కాగితం కరిగిపోతుంది. కానీ దానికి గడువు లేదు. పోలీసులు వెంటపడుతున్నా, అసలు రహస్యం దగ్గరికి వచ్చేసరికి అందరూ చరిత్రకారుడు టీబింగ్ ఇంట్లో ఆగి ‘లాస్ట్ సప్పర్’ బొమ్మ మీద పాఠం వింటారు. మధ్యలో క్రీస్తుశకం 325 నాటి క్రైస్తవ మతపెద్దల నైసియా సభ దృశ్యాలు. టీబింగ్‌గా ఇయాన్ మెకెలెన్ అక్కడ అద్భుతంగా చేశాడు, ఆ మాట తప్పకుండా రాయి. అయినా ఆ పాఠం జరుగుతున్నంతసేపూ కథ ఆగే ఉంటుంది. దోషి దొరికాక కూడా స్కాట్లాండ్‌లోని రోస్లిన్ చాపెల్ ఉంది, అక్కణ్నుంచి మళ్లీ లూవ్ర్ ఉంది. నువ్వు ‘సాగదీశారు’ అన్నది ఈ రెండు చోట్ల గురించే అయివుంటుంది. ఆ మాట బదులు ఇలా రాసి చూడు: ‘మొదటి సినిమాలో రహస్యం విప్పుతున్నంతసేపూ కథ నిలబడిపోతుంది. రెండోదాంట్లో రహస్యం విప్పకపోతే మనిషి చచ్చిపోతాడు.’ ఈ వాక్యాలు ఇంకో సినిమాకి అతకవు.

నువ్వు అసలు పట్టుకోని కారణం ఇంకొకటుంది. నా దృష్టిలో అదే పెద్దది. మొదటి సినిమా తన చరిత్రను మనం నమ్మాలంటుంది. క్రీస్తుకు పెళ్లయింది, వంశం ఉంది, ఒక రహస్య సంఘం దాన్ని కాపాడుతోంది అన్నది ఆ కథలో నిజం. అది నమ్మకపోతే హీరోయిన్ సోఫీ ఎవరో తెలిసినా మనకు ఒళ్లు జలదరించదు. రెండో సినిమా దీన్ని తిరగేసింది. ఇల్యుమినాటి అనే పాత రహస్య సంఘం చర్చి మీద పగ తీర్చుకుంటోందని రోమ్ అంతా వణుకుతుంది. చివరికి తేలేదేమంటే, ఆ సంఘం ఎప్పుడో పోయింది, దాని పేరును ఒకడు ముసుగులా వాడుకున్నాడు. కుట్ర సిద్ధాంతమే ఇక్కడ కుట్ర. మనం దేన్నీ నమ్మనక్కర్లేదు, ఇతరులు ఎంత తేలిగ్గా నమ్ముతారో చూస్తే చాలు. భక్తుడూ నాస్తికుడూ పక్కపక్కన కూర్చుని చూడగలగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. 2009లో వాటికన్ పత్రిక లొసెర్వతోరె రొమానో దీన్ని హానిలేని వినోదంగానే లెక్కగట్టింది. అంతకుముందు రోమ్ డయాసిస్ (అక్కడి చర్చిల పాలనా విభాగం) మాత్రం ఆ చర్చిల్లో షూటింగ్‌కు అనుమతివ్వలేదు, అందుకే సెట్లు వేసుకున్నారు.

ఇది రాయాలంటే దోషి ఎవరో చెప్పక తప్పదా? తప్పించుకోవచ్చు. ‘సంఘం పేరు వెనక దాగిన చేయి’ వరకే వెళ్లి ఆగు. దోషి పేరు, హెలికాప్టర్ తర్వాత జరిగేది, ఆఫీసు గదిలోని వీడియో రికార్డింగ్, ఈ మూడూ బయటపెట్టకు. చెప్పి తీరాలనిపిస్తే ముందు ఒక హెచ్చరిక వాక్యం రాసి, వ్యాసం చివరి పావు భాగంలో పెట్టు.

చరిత్ర, సైన్సు తప్పుల గురించి నువ్వు ఒక పేజీ నింపావు. రెండు తప్పులు ఉంచి మిగతావి తీసెయ్. ఉంచేవి కూడా పోలికకు పనికొచ్చేవై ఉండాలి. మొదటి సినిమాలో ఆ వంశాన్ని కాపాడే ప్రయరీ ఆఫ్ సయాన్ అన్నది 1956లో ఫ్రాన్స్‌లో పియెర్ ప్లాంటార్ రిజిస్టర్ చేయించిన సంఘం. దాని ప్రాచీనతకు ఆధారమన్న పత్రాలు 1960లలో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్చిన నకిలీలు. ఇల్యుమినాటి నిజంగానే ఉండేది. కానీ 1776 మే 1న బవేరియాలో ఆడమ్ వైస్‌హౌప్ట్ పెట్టాడు, పదేళ్లు తిరక్కుండానే ప్రభుత్వం అణిచేసింది. సినిమా ఆ సంఘంవాళ్లుగా చూపినవాళ్లలో గెలీలియో 1642లోనే పోయాడు, బెర్నీని 1680లో. ఇద్దరికీ ఆ సంఘంతో సంబంధం ఉండే వీల్లేదు. ఈ రెండు తప్పులూ పక్కపక్కన పెడితే నా పై వాదనకు బలం వస్తుంది: మొదటి తప్పు మీద కథ మొత్తం నిలబడింది, రెండో తప్పు కథలో ఒకడు ఎత్తిన వేషానికి సరుకైంది.

రెండో సినిమాలో బాంబుగా వాడిన యాంటీమ్యాటర్ (ప్రతిపదార్థం) గురించి నువ్వు ‘పూర్తిగా అబద్ధం’ అన్నావు. అది సరికాదు. జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధనాకేంద్రం సెర్న్‌లో దాన్ని తయారుచేస్తారు. ఒక గ్రాము యాంటీమ్యాటర్ మామూలు పదార్థంతో కలిసి నశిస్తే దాదాపు 43 కిలోటన్నుల శక్తి వస్తుందన్న లెక్కా నిజమే. అబద్ధమల్లా పరిమాణం. సెర్న్ ఇంతవరకూ తయారుచేసినదంతా కలిపినా గ్రాములో వంద కోట్లో వంతు స్థాయిలోనే ఉంటుంది. దాంతో ఊరు పేలదు.

మన ఊరి సంగతి నీ వ్యాసంలో లేకపోవడం లోటు. 2006 జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ద డావిన్సీ కోడ్’ను నిషేధించింది. సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కల్పన అన్న ప్రకటన వేయించిన తర్వాత జరిగిన పని అది. అదే నెలలో మూసీ ఒడ్డునున్న మన హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. హైదరాబాద్ పాఠకుడికి మొదటి సినిమా ఎందుకు బరువుగా గుర్తుందో ఈ ఒక్క పేరా చెబుతుంది. అలాగే పోపును ఎన్నుకునే సభ కాంక్లేవ్‌ను ‘విదేశీ తంతు’ అని రాశావు, కొట్టెయ్. 2025 మేలో సిస్టీన్ చాపెల్‌లో ఓటు వేసిన 133 మందిలో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ పూల ఆంథోనీ ఉన్నారు. గన్‌ఫౌండ్రీ కెథెడ్రల్‌కు వెళ్లేవాళ్లు కూడా నీ వ్యాసం చదువుతారు. వాళ్ల మతాచారాన్ని వింతగా కాక, మూడింట రెండొంతుల మెజారిటీ, ఎనభై దాటనివాళ్లకే ఓటు వంటి నియమాలున్న వ్యవస్థగా రాయి. ఉత్కంఠ కూడా ఆ నియమాల్లోంచే పుడుతుంది: లోపల తలుపులు మూసేశారు, బయట బాంబు ఉంది, తెరిస్తే నియమం పోతుంది.

నీ తీర్పుకు ఎదురువచ్చేవి దాచకు. సోఫీ నెవూ వెతికేది తన సొంత కుటుంబాన్ని, అందుకే కథలో ఆమెకు గట్టి పునాది ఉంది. రెండో సినిమాలో హీరోయిన్ విట్టోరియాకు అంత పని ఇవ్వలేదు. నేరగాణ్ని కాస్త అనుభవమున్న ప్రేక్షకుడు ముందే పసిగడతాడు. ప్రపంచవ్యాప్త వసూళ్లు కూడా మొదటిదానికి దాదాపు 76 కోట్ల డాలర్లు, రెండోదానికి 48 కోట్ల చిల్లర. వివాదం, నవల అమ్మకాలు జనాన్ని థియేటర్‌కు రప్పిస్తాయి గాని కథను బాగుచేయవని వాదించు, కానీ అంకెలు మాత్రం చెప్పు. నవలల వరుస తిరగబడిన సంగతీ ఒక వాక్యంలో పెట్టు. ‘ఏంజెల్స్ అండ్ డెమన్స్’ నవల 2000లో, మరొకటి 2003లో వచ్చాయి. సినిమాలో ముందుదాన్ని వెనక్కి జరిపారు. అందువల్ల పుస్తకాలు చదివినవాళ్లకి ‘రెండో భాగం’ అన్న మాట తికమకగా ఉంటుంది.

తిరగరాసేముందు రెండు సినిమాలూ మళ్లీ చూడు, ఈసారి నోట్‌బుక్‌తో. మూడు గడులు గీసుకో: నిమిషం, కొత్తగా తెలిసిన విషయం, అది చెబుతున్నప్పుడు మనుషులు కదులుతున్నారా ఆగారా. పది నిమిషాలకొక వరుస చాలు. రెండు పట్టికలూ పక్కన పెట్టుకుంటే నీ వ్యాసం సగం అక్కడే కనిపిస్తుంది. మొత్తం తొమ్మిది వందల మాటలు దాటకు. కథ చెప్పడానికి నూట ఇరవై మించొద్దు, ఇప్పుడు నాలుగు వందలు తిన్నావు. నటుల పేర్లన్నీ ఒకే పేరాలో గుప్పించకు, ఎవరి గురించి మాట్లాడుతున్నావో అక్కడ వాళ్ల పేరు చాలు. కామెర్లెంగో అన్న మాట మొదటిసారి వచ్చినచోట ‘పోపు మరణించాక వ్యవహారాలు చూసే అధికారి’ అని వివరించు. ఇవాన్ మెక్‌గ్రెగర్ పాత్రను నువ్వు ‘ఫాదర్’ అని మాత్రమే రాశావు, అందువల్ల ఆయన చేతిలో ఎంత అధికారం ఉందో పాఠకుడికి అందడం లేదు.

వ్యాసం మొదలు ఆర్కైవ్స్ గదితో పెట్టు. కొత్త ప్రతితోపాటు ఆ రెండు పట్టికలూ పంపు, ముందు అవే చూస్తాను.

నీ శ్రేయోభిలాషి