బోరు నీళ్లలో పెట్రోలు వాసన: రిపోర్టు 'బాగుంది' అంటే కేసు పోయినట్టేనా?

ప్రశ్న: మా ప్రహరీని ఆనుకుని పెట్రోలు బంకు ఉంది. మూడు నెలలుగా బోరు నీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయి. కింది గదిలోనూ అదే వాసన. ఫిర్యాదు చేస్తే అధికారులు కుళాయి నుంచి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టుకెళ్లి, తాగడానికి పనికొస్తాయని రిపోర్టు ఇచ్చారు. బంకు యజమాని దాన్నే అందరికీ చూపిస్తున్నాడు. ఇక మాకు దారి లేదా?

జవాబు: ఉందండీ. ముందు ఆ రిపోర్టులో ఏమేం పరీక్షించారో చూడండి. పీహెచ్, టీడీఎస్, క్లోరైడ్లు, కోలీఫాం మాత్రమే ఉంటే అందులో పెట్రోలు సంగతే లేదన్నమాట. పెట్రోలులో ఉండే బెంజీన్, టోలుయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు అని పేరుపేరునా రాసి అడగాలి. తాగునీటిలో బెంజీన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె) లీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ప్లాస్టిక్ సీసా దగ్గరే సగం సాక్ష్యం పోయింది. ఓవర్‌హెడ్ ట్యాంకులో పడి కుళాయికి వచ్చేసరికి బెంజీన్ చాలావరకు ఆవిరైపోతుంది. బోరు పైపు దగ్గరే, సన్నని ధారగా, 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలో (వయల్) నిండుగా పట్టాలి. మూత బిగించి తలకిందులు చేస్తే ఒక్క బుడగ కూడా కనిపించకూడదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 కన్నా తగ్గించి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, 14 రోజుల్లోపు పరీక్ష ముగించాలి.

గదిలో వాసన ఉంది కాబట్టి నేలలోని వాయువునూ పరీక్షించమనండి. సాధారణంగా మీటరున్నర లోతుకి గొట్టం దించి, నిమిషానికి 200 మిల్లీలీటర్లకు మించకుండా లాగుతారు. గొట్టం చుట్టూ సందుంటే బయటి గాలి కలిసి ఫలితం తక్కువ చూపిస్తుంది. గొట్టం చుట్టూ హీలియం వాయువు వదిలి ఆ సందు ఉందో లేదో చూశారా అని అడగండి. భారీ వాన పడిన వెంటనే తీసిన శాంపిల్‌ను నమ్మలేం. ఆక్సిజన్, మీథేన్ కూడా కొలవాలి. ఆక్సిజన్ అందే పైపొరలో సూక్ష్మజీవులు పెట్రోలు ఆవిరిని తినేస్తాయి, అందుకే పైన శుభ్రంగా ఉండి లోతులో నిండా ఉండొచ్చు. ఫలితాన్ని బయటి గాలికి పెట్టిన బెంజీన్ ప్రమాణంతో (ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు, ఏడాది సగటు) నేరుగా పోల్చకూడదు. అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఇక చట్టం. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లోని సెక్షన్ 11 కింద అధికారం పొందిన అధికారి గాలి, నీరు, మట్టి శాంపిళ్లు తీసుకోవచ్చు. అక్కడికక్కడే నోటీసు, ఆవరణ యజమాని లేదా అతని మనిషి సమక్షంలో సేకరణ, సీలు, ఇద్దరి సంతకాలు, గుర్తింపు పొందిన ల్యాబుకి ఆలస్యం లేకుండా పంపడం: ఇవి తప్పితే ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదు. యజమాని తప్పించుకున్నా, సంతకం పెట్టనన్నా ఏం చేయాలో అదే సెక్షన్ చెబుతుంది, కాబట్టి దానికి కంగారు పడక్కర్లేదు. మీరు సొంతంగా చేయించిన పరీక్ష అధికారులను కదిలించడానికి పనికొస్తుంది గానీ కేసంతా దాని మీదే నిలబెట్టకండి.

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికీ, బంకుకి పెట్రోలియం లైసెన్సు ఇచ్చే పెసోకీ, కలెక్టరుకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. జల కాలుష్య చట్టం, 1974 సెక్షన్ 24 కలుషిత పదార్థాలను తెలిసి బావిలోకి వదలడాన్ని నిషేధిస్తుంది. సెక్షన్ 33ఎ కింద మండలి బంకును మూయించనూ వచ్చు. బంకు రోజువారీ స్టాకు రిజిస్టరు, డిప్ కొలతలు (ట్యాంకులో ఇంధనం మట్టం లెక్కలు), ట్యాంకు లీకు పరీక్ష కాగితాలు తెప్పించమని ఫిర్యాదులో తప్పక రాయండి. కొన్నదానికీ అమ్మినదానికీ తేడా నెలనెలా ఒకే వైపు పెరుగుతుంటే, అది మీ నీళ్ల రిపోర్టు కన్నా గట్టి సాక్ష్యం.

అక్కడ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచి. లీకు ఆపించే ఆదేశాలకు (సెక్షన్ 14) వివాదం మొదట తలెత్తినప్పటి నుంచి ఆరు నెలలే గడువు; సరైన కారణం ఉంటే మరో 60 రోజులు. నష్టపరిహారం, నేల-నీరు బాగుచేయించడం (సెక్షన్ 15) కోసం అయిదేళ్లు. మీకు మూడు నెలలు అయిపోయాయి, అధికారుల జవాబు కోసం కూర్చోకండి.

ఈలోగా ఆ నీళ్లు వాడకండి. కాచితే బెంజీన్ మీ వంటింటి గాలిలో కలుస్తుంది. అగ్గిపుల్ల గీసి చూసే ప్రయత్నం అసలే వద్దు. కొత్త బోరు వేయిస్తామని బంకు వాళ్లు ముందుకొస్తే, ఇక ఏ క్లెయిమూ లేదనే కాగితం మీద సంతకం పెట్టకండి. పక్కనే వేసే లోతు బోరు కాలుష్యాన్ని ఇంకా కిందికి లాగొచ్చు. అంతకన్నా ట్యాంకరు నీళ్లు తెప్పించి ఆ ఖర్చు భరించమని అడగడం మేలు.